స్కాన్ లేకుండానే ఎముక గుల్లబారిందని ఎలా చెబుతారు? ఆపరేషన్‌కు ముందు ఎక్స్‌రే చెప్పే లెక్క

క్లుప్తంగా: విరిగిన ఎముకకు రాడ్డు వేయాలా, ప్లేటు వేయాలా, బాల్ (తుంటి కీలులో తిరిగే తొడ ఎముక బంతి) మార్చాలా అని తేల్చుకోవడానికి సర్జన్‌కు కావలసిన గట్టితనం అంచనా చాలావరకు చేతిలో ఉన్న ఎక్స్‌రేలోనే దొరుకుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మందులు వాడి ఫలితం చూసుకోవడానికి కావలసిన లెక్క మాత్రం అందులో ఉండదు, దానికి ఎముకలో ఖనిజం ఎంతుందో కొలిచే డెక్సా స్కాన్ ఉండాలి. ఈ రెండు అవసరాలూ ఒకటే అనుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతోంది.

కొబ్బరి చెట్టు మీద నుంచి పడిన దింపు కార్మికుడికి తొడ ఎముక విరిగితే ఎవరూ ఆశ్చర్యపోరు. అంత ఎత్తు నుంచి పడితే ఎవరి ఎముకైనా విరుగుతుంది. పాకుడు పట్టిన కాలవ రేవు మెట్టు మీదో, తెల్లవారుజామున బాత్‌రూంలోనో నిలబడిన చోటే జారిన డెబ్భై ఏళ్ల ఆవిడకు తుంటి విరిగితే సంగతి వేరు. అక్కడ దెబ్బ చిన్నది, లోపం ఎముకలో ఉంది. నిలబడిన ఎత్తు నుంచి పడినందుకే తుంటి విరిగిందంటే, ఇంకే పరీక్షా చేయకముందే ఆ ఎముక గుల్లబారిందని వైద్యులు అనుకుంటారు.

కోనసీమ లంక గ్రామాల నుంచి, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి ఇలాంటి రోగులు అమలాపురం, భీమవరం, రాజమండ్రి, కాకినాడ ఆసుపత్రులకు చేరుతుంటారు. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరు ‘బోన్ బాగా గుల్లబారిందండి, సిమెంటు వేసి బాల్ మార్చాలి’ అంటారు. వెంట వచ్చినవాళ్లకు అక్కడే అనుమానం మొదలవుతుంది. స్కాన్ చేయకుండా ఎలా తెలిసింది? మొన్న క్యాంపులో మడమ మెషీన్ మీద పెట్టి చూసి బాగానే ఉందన్నారు కదా? రెండూ న్యాయమైన ప్రశ్నలే.

తెల్లగా కనిపించడం కొలత కాదు

1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నప్పటి నుంచి సూత్రం మారలేదు. ఎముకలోని కాల్షియం కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి అక్కడ ఫిల్మ్ తెల్లగా మిగులుతుంది. కాల్షియం తగ్గితే తెలుపు తగ్గాలి. మాటల్లో ఇది సులువుగానే ఉంటుంది. అయితే మామూలు ఎక్స్‌రేలో ఎముక పలచబడిన సంగతి కంటికి ఆనాలంటే అప్పటికే 30 నుంచి 40 శాతం ఖనిజం పోయి ఉండాలి. ఎక్స్‌రే మామూలుగా ఉందంటే ఎముక గట్టిగా ఉందని కాదు. కనిపించేంతగా పాడవలేదని మాత్రమే.

దానికి తోడు మరో చిక్కుంది. పాత ఫిల్ముల కాలంలో టెక్నీషియన్ కరెంటు కాస్త ఎక్కువ పెడితే గట్టి ఎముక కూడా నల్లగా వచ్చేది. ఇప్పటి డిజిటల్ యంత్రంలో సాఫ్ట్‌వేరే తెలుపు నలుపులను సర్ది, చూడటానికి బాగుండేలా చేస్తుంది. లావుగా ఉన్నవాళ్ల కండ, కొవ్వు కూడా కిరణాలను తాగేస్తాయి. అందుకే ఒకే ఎముక రెండు ఆసుపత్రుల్లో రెండు రంగుల్లో కనబడినా వింత కాదు. ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి ‘అబ్బే, నల్లగా ఉంది’ అని చెప్పే మాటకు, అది ఎవరు చెప్పినా సరే, పెద్దగా విలువ లేదు.

అందువల్ల సర్జన్లు రంగును వదిలేసి ఆకారం చూస్తారు.

తాటి దూలం, దాని చేవ

పాత ఇళ్లలో తాటి దూలాలు చూసినవాళ్లకు ఈ విషయం వెంటనే పట్టుబడుతుంది. తాటి మానులో బలమంతా బయటి నల్లటి చేవలో ఉంటుంది, లోపల మెత్తటి బెండు. దూలం ఎంత లావుగా ఉందని కాదు, చేవ ఎంత మందం ఉందని చూసి కొనేవారు. మన పొడుగాటి ఎముకలు కూడా అంతే. బయట గట్టి గోడ, లోపల మజ్జ ఉండే కాలువ. వయసు మీద పడేకొద్దీ, ఆడవాళ్లలో నెలసరి ఆగాక మరీ వేగంగా, ఆ గోడ లోపలి వైపు నుంచి అరుగుతూ వస్తుంది. కాలువ వెడల్పవుతుంది, గోడ పలచనవుతుంది. బయటి కొలత పెద్దగా మారదు, ఒక్కోసారి కొంచెం పెరుగుతుంది కూడా.

గోడ మందం ఎక్స్‌రేలో గీతల మధ్య దూరం. తెలుపు తగ్గినా పెరిగినా ఆ గీతలు దాదాపు అక్కడే ఉంటాయి. కాబట్టి స్కేలు పెట్టి కొలవచ్చు.

తొడ ఎముకనే తీసుకుందాం. బయటి వెడల్పు 30 మిల్లీమీటర్లు, లోపలి కాలువ 12 మిల్లీమీటర్లు ఉందనుకుంటే రెండు గోడలూ కలిపి 18. దాన్ని 30తో భాగిస్తే 0.6. అదే 30 మిల్లీమీటర్ల ఎముకలో కాలువ 20కి పెరిగితే గోడలకు మిగిలేది 10, నిష్పత్తి 0.33. బయటి నుంచి చూస్తే రెండూ ఒకే లావు. ఒకటి గట్టి దూలం, రెండోది పురుగు తిన్న మాను. తొడ ఎముక పైభాగంలో చిన్న ముడుపుకు (లోపలి వైపు ఉబ్బెత్తుగా ఉండే చిన్న బొడిపెకు) పది సెంటీమీటర్ల కింద ఈ కొలత తీసుకోవడం వాడుక. నిష్పత్తి 0.4 దగ్గరకు, అంతకన్నా కిందకు దిగితే ఎముక బలహీనంగా ఉందని అనుమానించాలి.

మిల్లీమీటర్లు వదిలి నిష్పత్తి ఎందుకు? ఎక్స్‌రే నీడ లాంటిది. దీపానికి, గోడకు మధ్య చెయ్యి ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి నీడ పెరిగినట్టే, ఎముక ఫిల్మ్‌కు ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి బొమ్మ పది, ఇరవై శాతం పెద్దదవుతుంది. నిష్పత్తిలో పైదీ కిందదీ ఒకే లెక్కన పెరుగుతాయి కాబట్టి ఆ తేడా కొట్టుకుపోతుంది. కచ్చితమైన మిల్లీమీటర్లే కావాల్సినప్పుడు, అంటే వేయబోయే బాల్ సైజు ముందే చూసుకోవాలన్నప్పుడు, 25 మిల్లీమీటర్ల లోహపు గుండును పక్కన పెట్టి ఎక్స్‌రే తీస్తారు.

జబ్బ ఎముకకు రెండు కొలతలు వాడుకలో ఉన్నాయి. రెండు పక్కల గోడల మందం సగటు 4 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే ఎముక సాంద్రత తక్కువని 2003లో వచ్చిన పద్ధతి చెబుతుంది. 2015లో వచ్చిన రెండోది నిష్పత్తి. భుజం కండరం అతుక్కునే గరుకు చోటుకు కొంచెం పైన బయటి వెడల్పును లోపలి వెడల్పుతో భాగిస్తే 1.4 కన్నా తక్కువ రాకూడదు. మణికట్టు విరిగి వచ్చినవాళ్లలో చూపుడు వేలి కింద అరచేతిలో ఉండే ఎముకను చూస్తారు. మణికట్టు ఎక్స్‌రేలో అది ఎలాగూ పడుతుంది, మళ్లీ ఫిల్మ్ తీయనక్కర్లేదు. నడిమి భాగంలో మొత్తం వెడల్పులో గోడల వాటా 60 శాతం లోపుంటే పలచబడటం మొదలైందని, 50 శాతం లోపుంటే గుల్లబారిందని ఒక లెక్క.

తుంటి లోపలి గీతలు

తుంటి దగ్గర గోడలతో పాటు ఇంకో ఆనవాలు ఉంది. తొడ ఎముక మెడ లోపల సన్నటి ఎముక పోగులు గుత్తులు గుత్తులుగా, బరువు దిగే దారి వెంటే అల్లుకుని ఉంటాయి. కొన్ని నొక్కుడును మోస్తాయి, కొన్ని లాగుడును. ఎముక క్షీణించేటప్పుడు ఇవన్నీ ఒక్కసారి పోవు. తక్కువ బరువు మోసేవి ముందు మాయమవుతాయి, ప్రధానమైనవి చివరిదాకా నిలబడతాయి. తెరచాప చిరిగినా తెరకొయ్య మిగిలినట్టు.

ఈ వరసను పట్టుకుని 1970లో మన్మోహన్ సింగ్, ఆయన సహచరులైన భారతీయ వైద్యులు ఆరు మెట్ల కొలబద్ద తయారుచేశారు. పేరు చూసి మాజీ ప్రధాని అనుకోవద్దు, ఈయన డాక్టరు. అన్ని గుత్తులూ స్పష్టంగా కనబడితే ఆరో మెట్టు. లాగుడును మోసే ప్రధాన గుత్తి మధ్యలో తెగితే మూడో మెట్టు, అక్కడి నుంచి కిందకు ఎముక గుల్లబారినట్టే లెక్క. నొక్కుడును మోసే ప్రధాన గుత్తి ఒక్కటే మిగిలితే రెండు, అదీ పలచబడితే ఒకటి.

డబ్బు ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు, ప్రపంచమంతా నేర్చుకుంది. అయితే దీన్ని పూర్తిగా నమ్మలేం. ఒకే ఫిల్మ్ చూసి ఇద్దరు డాక్టర్లు రెండు మెట్లు చెప్పడం మామూలే, అదే డాక్టరు వారం తర్వాత చూస్తే మాట మార్చనూవచ్చు. ‘గుల్లబారింది, బారలేదు’ అనే పెద్ద తేడాకే ఇది పనికొస్తుంది. నాలుగుకు, ఐదుకు మధ్య వాదన పెట్టుకోవడం వృథా.

విరిగిన వైపు చూస్తే ఇంకా మోసం. తుంటి విరిగిన కాలు బయటికి తిరిగిపోతుంది, ఎముక మెడ పొట్టిగా, గీతలు ఒకదాని మీద ఒకటి పడి కనబడతాయి. మెడ పూర్తి పొడవున కనబడాలంటే కాలిని పదిహేను డిగ్రీలు లోపలికి తిప్పి తీయాలి. విరిగిన కాలితో అది నరకం. అందుకే రెండు తుంట్లూ పడేలా నడుము ఎక్స్‌రే ఒకటి తీసి, బాగున్న వైపు కొలుస్తారు. ‘విరిగింది కుడివైపైతే ఎడమవైపు ఎందుకు తీశారు, బిల్లు కోసమా?’ అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

ఈ అంచనాతో ఆపరేషన్ ఎలా మారుతుంది

కొత్తగా కట్టిన సిమెంటు గోడలో స్క్రూ బిగిస్తే పట్టేస్తుంది. ఉప్పుగాలికి పెళుసెక్కి రాలిపోయే పాత సున్నం గోడలో అదే స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, బిగువు రాదు. ఎముకలోనూ స్క్రూ పట్టు సాంద్రతను బట్టే ఉంటుంది. పలచటి ఎముకలో మామూలు ప్లేటు, స్క్రూలు వేస్తే ఎముక అతికేలోపే స్క్రూలు వదులై ఊడి రావచ్చు. అందుకే స్క్రూ తల ప్లేటులోనే మరలతో బిగుసుకునే లాకింగ్ ప్లేటు ఎంచుకుంటారు. అప్పుడు స్క్రూలన్నీ ప్లేటుతో కలిసి ఒకే కట్టుగా పనిచేస్తాయి. ఒక్కో స్క్రూ విడిగా ఎముకను పట్టుకుని వేలాడాల్సిన పని తగ్గుతుంది.

తుంటి కింద ముడుపుల దగ్గర విరిగితే రాడ్డు వేసి, దానిలోంచి తొడ బంతిలోకి లావు స్క్రూ ఎక్కిస్తారు. గుల్ల ఎముకలో ఆ స్క్రూ బంతిని చీల్చుకుని పైకి పొడుచుకు రావడం సర్జన్లు భయపడే వైఫల్యం. స్క్రూ మొన నుంచి బంతి శిఖరానికి ఉన్న దూరాన్ని ముందు నుంచి, పక్క నుంచి తీసిన రెండు ఎక్స్‌రేల్లో కొలిచి కూడితే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలన్న నియమం 1995 నుంచి ఉంది. గట్టి ఎముకలో కాస్త అటూ ఇటూ అయినా గడిచిపోవచ్చు. గుల్ల ఎముక ఆ తప్పును క్షమించదు.

ఎముక మెడే విరిగి బాల్ మార్చాల్సి వస్తే కాలువ ఆకారం చూస్తారు. పైన వెడల్పై కింద సన్నబడే గరాటులా ఉంటే సిమెంటు లేని కాడ (కొత్త బంతికి ఆధారంగా కాలువలోకి దించే లోహపు కడ్డీ) బిగువుగా కూర్చుంటుంది. పైనుంచి కింది దాకా ఒకే వెడల్పున పైపులా ఉంటే, గోడలు పలచన, కాడ ఆనడానికి చోటుండదు, బలవంతంగా దించితే ఎముక చీలుతుంది. అక్కడ సందు నింపి కాడను పట్టి ఉంచే ఎముకల సిమెంటు కావాలి. ఈ ఆకారాలను ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విడదీసిన పద్ధతి 1993 నుంచి వాడుకలో ఉంది. పెద్దవాళ్ల తుంటికి సగం కీలు, అంటే బంతి ఒక్కటే, మార్చేటప్పుడు సిమెంటునే వాడమని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికీ ఒక ఖరీదుంది. సిమెంటు కూరేటప్పుడు కొందరిలో బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. గుండె జబ్బున్న రోగి విషయంలో మత్తు డాక్టరు, సర్జన్ కలిసి తేల్చుకోవాల్సిన సంగతి అది.

ముందే అంచనా ఉంటే సరైన సైజు, సరైన రకం సామాను ముందురోజే తెప్పించి పెట్టుకోవచ్చు. చిన్న ఊరి ఆసుపత్రికి ఇది చిన్న విషయం కాదు. థియేటర్‌లో కాలు తెరిచాక ‘సిమెంటు కాడ కావాలి’ అని తెలిస్తే అది రాజమండ్రి నుంచి రావాలి.

డెక్సా ఎందుకు ముందే చేయరు

డెక్సా 1980ల చివర్లో వచ్చింది. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్ కిరణాలు పంపి, కండ వాటా తీసేసి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాముల ఖనిజముందో చెబుతుంది. దాన్ని ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చిన అంకె టీ స్కోరు. మైనస్ 2.5 గానీ ఇంకా కిందకు గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీత గీసింది.

తుంటి విరిగిన మనిషికి ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగాలి. ఆలస్యమయ్యేకొద్దీ న్యుమోనియా, పడక పుండ్లు, రక్తం గడ్డలు వెంటపడతాయి. నొప్పితో మెలికలు తిరుగుతున్న రోగిని డెక్సా బల్ల మీద కదలకుండా పడుకోబెట్టడం కష్టం, విరిగిన వైపు కొలత ఎలాగూ చెల్లదు. ఆ యంత్రం ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే ఉంటుంది, లంకల నుంచి అక్కడికి వెళ్లిరావడానికే ఒక పూట. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన అంకె ఆపరేషన్ నిర్ణయాన్ని దాదాపు మార్చదు. స్క్రూ దిగేచోట గోడ ఎంత మందం ఉందో సర్జన్‌కు కావాలి, నడుము వెన్నుపూసల సగటు కాదు. ఆ ఒక్క పనికి ఎక్స్‌రేనే మేలు. డెక్సా లేకుండా ఆపరేషన్ చేశారన్నది నిర్లక్ష్యం కిందకు రాదు.

ఉచిత క్యాంపుల్లో మడమకు పెట్టే యంత్రం ఈ రెండింటిలో ఏదీ కాదు. చాలావరకు అది శబ్ద తరంగాలతో పనిచేస్తుంది. ఎవరికి పెద్ద పరీక్ష అవసరమో ఏరడానికి పనికొస్తుంది గానీ, టీ స్కోరు గీత దానికి వర్తించదు. ‘బాగానే ఉంది’ అన్న క్యాంపు చీటీని పట్టుకుని తుంటి సర్జన్‌తో వాదించడంలో అర్థం లేదు.

వేరే కారణంతో కడుపు సీటీ స్కాన్ తీయించుకుని ఉంటే అది అనుకోకుండా దొరికిన ఆధారం. అందులో మొదటి నడుము పూస సాంద్రతను సీటీ యూనిట్లలో చూడవచ్చు. 110 లోపుంటే గుల్లబారి ఉండే అవకాశం బాగా ఎక్కువ, 160 దాటితే తక్కువ అని 2013 నాటి ఒక పెద్ద పరిశీలన తేల్చింది. మళ్లీ ఖర్చు పెట్టనక్కర్లేదు, పాత సీడీ దొరికితే చాలు.

పలచనైతే అన్నీ ఒకే జబ్బు కాదు

ఎక్స్‌రే ‘ఎముక పలచగా ఉంది’ అంటుంది, ‘ఎందుకు’ అని చెప్పదు. డి విటమిన్ లేక మెత్తబడిన ఎముక, పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం వల్ల కరిగిన ఎముక, మజ్జలో పుట్టిన క్యాన్సర్ తినేసిన ఎముక కూడా పలచగానే కనబడవచ్చు. నాటు కట్టు కట్టించుకుని ఆరు, ఎనిమిది వారాలు చెయ్యి కదపకుండా ఉంచి, అతకక ఆసుపత్రికి వచ్చినవాళ్లలో మణికట్టు చుట్టూ ఎముక వెలిసిపోయినట్టుంటుంది. అది వాడకపోవడం వల్ల వచ్చిన పలచదనం, ఒళ్లంతటి సంగతి కాదు.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన తలకిందుల ఉదాహరణ ఫ్లోరోసిస్. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో, తొలిసారి వర్ణించిన ఆ జబ్బులో ఎముక ఎక్స్‌రేలో సుద్దలా తెల్లగా, దట్టంగా ఉంటుంది. స్కాన్ అంకె కూడా ఎక్కువే వస్తుంది. అయినా అది పెళుసు. కాలవ నీళ్లు తాగే గోదావరి డెల్టాలో ఈ బెడద పెద్దగా లేదు గానీ, ప్రకాశం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఫిల్మ్ చూసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్‌తో ఎక్స్‌రే చదివించి సాంద్రత అంచనా వేసే కృత్రిమ మేధ పద్ధతులు వస్తున్నాయి. ఛాతీ ఫిల్మ్ నుంచీ, తుంటి ఫిల్మ్ నుంచీ ప్రమాదంలో ఉన్నవాళ్లను ఏరడంలో అవి ఆశాజనకంగానే ఉన్నాయి. ఒక యంత్రం ఫిల్ముల మీద శిక్షణ పొంది, వేరే యంత్రం ఫిల్మ్ ఇచ్చినప్పుడు తడబడటం వాటి బలహీనత. తెలుపు నలుపుల చిక్కే మళ్లీ ఇక్కడ వేరే రూపంలో ఎదురవుతుంది.

కుట్లు విప్పాక మొదలయ్యే పని

అసలు నష్టం జరుగుతున్నది ఆపరేషన్‌కు ముందు కాదు, తర్వాత. సర్జన్ ఎక్స్‌రే చూసి గుల్లబారిందని గుర్తిస్తారు, దాన్ని బట్టే సామాను ఎంచుకుంటారు, రోగి నడుస్తూ ఇంటికి వెళ్తారు. డిశ్చార్జి కాగితంలో మాత్రం ‘తుంటి విరుపు, ఆపరేషన్ చేయబడింది’ అని ఉంటుంది. గోడ మందం, నిష్పత్తి, ఎముక నాణ్యత, ఏదీ ఉండదు. కాల్షియం మాత్రలు నెల రోజులకు రాస్తారు, అవి అయిపోగానే కథ ముగుస్తుంది. ఒక తుంటి విరిగినవాళ్లకు రెండో తుంటి ప్రమాదం మామూలు వాళ్లకన్నా ఎక్కువని తెలిసి కూడా.

ఇక్కడ డెక్సాకు చోటుంది. ఆపరేషన్ అయి, రోగి కుదుటపడ్డాక, బాగున్న తుంటి, నడుము కొలిపిస్తే అది మొదటి అంకె అవుతుంది. మందు పనిచేస్తోందా అని తర్వాత దానితోనే పోల్చాలి. అలాగని అంకె వచ్చేదాకా మందు ఆపాల్సిన పనీ లేదు, తుంటి విరగడమే మందుకు తగిన కారణం. కాల్షియం, డి విటమిన్, కిడ్నీ పరీక్షలు చూసుకుని మొదలుపెట్టవచ్చు. ఏడాదికి ఒక్కసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌ను తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు ఇచ్చి చూసిన 2007 నాటి పరిశీలనలో కొత్త విరుపులు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ఏడాదికి ఒకే సెలైన్ అంటే రోజూ మాత్ర గుర్తుంచుకోలేని పెద్దవాళ్లకు, ప్రతి నెలా టౌనుకు రాలేని లంక కుటుంబాలకు ఎంత వీలో చెప్పనక్కర్లేదు.

ఇక ఫిల్మ్ సంగతి. ఇప్పుడు చాలా చోట్ల ఎక్స్‌రేను ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నారు. ఆ ఫొటోలో మిల్లీమీటర్లు పోతాయి, తెలుపు నలుపులకు విలువ ఉండదు, కానీ వాలు లేకుండా ఎదురుగా తీసి ఉంటే గోడకు, కాలువకు ఉన్న నిష్పత్తి అలాగే ఉంటుంది. మూడేళ్ల కిందట మణికట్టు విరిగినప్పుడు తీసిన ఫిల్మ్ బీరువా మీద కవర్లో ఉంటే, అది తుంటి డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన కాగితం. చూపుడు వేలి కింది ఎముక గోడ అప్పుడెంత ఉందో అందులో కొలవచ్చు.